జిగురు పెట్టిన ఇంజను

నమూనా రైళ్ళ క్లబ్బులో ఆమెకున్న పేరు ‘ప్రెసిడెంటు గారి చెల్లెలు’. తొమ్మిదేళ్ళ నుంచి సభ్యురాలు. ఒక్క మీటింగు మానలేదు. ఎగ్జిబిషన్ వస్తే బల్లలు మోసేది ఆమే, వైర్లు చుట్టేది ఆమే, చివర్న హాలు ఊడ్చేదీ ఆమే. అయినా ఆ పేరు మాత్రం అంగుళం కదల్లేదు. కారణం అందరికీ తెలిసిందే. ఆమె చేసేవి ప్లాస్టిక్ ఇటుకల రైళ్ళు. పిల్లలు ఇళ్ళూ కోటలూ కట్టుకునే ఇటుకలే అవి. నెత్తిన బుడిపెలుంటాయి, ఒకదాని మీద ఒకటి పెట్టి నొక్కితే టిక్కుమని పట్టుకుంటాయి.

క్లబ్బులో మిగతా ముప్ఫై మందీ స్కేలు మనుషులు. అసలు రైలును ఎనభై ఏడో వంతుకు కుదించి, పెట్టె కిటికీకి ఊచలెన్నో ఫొటోలో లెక్కపెట్టి, తుప్పు మరక ఎక్కడ పడాలో కూడా సన్న కుంచెతో దిద్దేవాళ్ళు. వాళ్ళ దృష్టిలో ఆమె బండి బొమ్మ. ఆ మాట ఎవరూ మొహం మీద అనరు, మర్యాదస్తులు కదా. “బాగుందమ్మా, పిల్లలకి భలే కాలక్షేపం” అంటారు. ఆమెకు ఒళ్ళు మండేది సరిగ్గా అక్కడే. తిడితే తిరిగి తిట్టవచ్చు. ఈ మెచ్చుకోలును ఏం చేసుకోవాలో ఆమెకు తొమ్మిదేళ్ళుగా తెలియలేదు.

పగలంతా ఆమె పని దంతాల లాబ్‌లో. డాక్టర్లు పంపిన అచ్చులు ముందు పెట్టుకుని పళ్ళ సెట్లు చేస్తుంది. మైనంలో ఒక్కొక్క పన్నునూ నిలబెట్టి, పొడినీ ద్రవాన్నీ కలిపిన గులాబీ రంగు ముద్ద నింపి ఉడికిస్తే, అది రాయిలా బిగిసిపోతుంది. ఆ తర్వాత వెంట్రుకవాసి తేడా కనిపించినా చేసేదేం లేదు, మొత్తం పారేసి మళ్ళీ మొదలుపెట్టాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా అలాంటి పని చేసి ఇంటికి వచ్చే మనిషికి, విప్పడానికి వీలున్న వస్తువు మీద ప్రేమ పుట్టడంలో వింతేముంది?

ఇటుకల వాళ్ళకూ ఒక నియమం ఉంది. జిగురు పెట్టకూడదు, కొయ్యకూడదు, రంగు వెయ్యకూడదు. ఏది కట్టినా ఎగ్జిబిషన్ అయిపోగానే ముక్కలై డబ్బాల్లోకి వెళ్ళాలి. వచ్చే ఏడాది బండి ఆ ముక్కల్లోంచే రావాలి. ఈ సంగతి ఆమె అన్నయ్యకు నాలుగుసార్లు చెప్పింది. ఆయన నాలుగుసార్లూ తలూపాడు. ఆయన తల ఊపుతున్నాడంటే మనసులో ఏదో చక్రాన్ని అరగదీస్తున్నాడని అర్థం. పోయిన నెలలో కూడా అడిగాడు.

“నీ నీలం బండి బీరువాలో పెట్టావా?”

“లేదన్నయ్యా. ఇదిగో, దీని కడుపులో ఉంది” అని కొత్త ఇంజనును చూపించింది.

“కడుపులోనా!” అని నవ్వి, చెల్లెలు ఏదో పరాచికం ఆడిందనుకుని వెళ్ళిపోయాడు.

పరాచికమేం కాదు. నల్లటి బాయిలరు లోపల, బయటికి కనిపించని చోటంతా, పోయినేడాది నీలం బండి ముక్కలే.

ఆ కొత్త ఇంజను మీదే ఈ ఏడాది ఆమె ఆశంతా. మూడేళ్ళుగా ఆమె మెయిన్ హాల్లో చోటడుగుతోంది. మూడేళ్ళుగా ఆమెను పిల్లల మూలలోనే పెడుతున్నారు. అది చేతులు కడుక్కునే గది పక్కన, మోకాలెత్తు కుర్చీలుండే చోటు. అక్కడ ఆమె పని బండి నడపడం కాదు, తడి చేతులు పట్టాల మీద పడకుండా చూడటం. ఈసారి సెక్రటరీ కాస్త మెత్తబడ్డాడు. సెక్రటరీ అంటే రిటైరైన లెక్కల మాస్టారు. జేబులో ఎప్పుడూ స్టీలు స్కేలు ఉంటుంది, మనిషితో మాట్లాడుతూనే దగ్గరున్నదాన్ని దేన్నో ఒకదాన్ని కొలుస్తుంటాడు.

“శనివారం ట్రయల్‌లో ముప్ఫై చుట్లు ఏ గొడవా లేకుండా తిరిగితే మెయిన్ హాల్లో కిటికీ పక్క బల్ల మీదేనమ్మా” అన్నాడాయన.

ఫారంలో ‘స్కేలు’ అని ఒక గడి ఉంది. ఇటుకల రైలుకు స్కేలు తేల్చడం ఎవరి తరమూ కాదు. పట్టాల వెడల్పు చూస్తే ఒక లెక్క వస్తుంది, పెట్టె వెడల్పు చూస్తే ఇంకో లెక్క, లోపల కూర్చోబెట్టే పసుపు మొహం మనిషిని చూస్తే మరో లెక్క. బండిని ఆరు బుడిపెల వెడల్పు కట్టేవాళ్ళున్నారు, ఎనిమిది బుడిపెలు కట్టేవాళ్ళున్నారు, ఆ ఇద్దరికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఆమె గడిలో ‘ఎనిమిది బుడిపెలు’ అని రాసింది. మాస్టారు దాన్ని చాలాసేపు చూశాడు.

“దీన్ని వంతుల్లో రాయాలమ్మా.”

“ఎందులో వంతు మాస్టారూ?”

ఆయన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఇంజను ఏడు నెలల పని. పద్నాలుగు వందల చిల్లర ముక్కలు. డ్రైవరు నిలబడే గది ముదురాకుపచ్చ రంగు. ఆ రంగులో ఆ ముక్కలు ఇప్పుడు తయారు కావడం లేదు, అందుకని మూడేళ్ళ పాటు ఎవరెవరి పాత డబ్బాలో గాలించి ఒక్కొక్కటే పోగుచేసింది. ఇంకో చిక్కు ఉంది. ఇటుకల పట్టాల మలుపు చాలా ఇరుకు, పళ్ళెం అంచులా గిర్రున తిరిగిపోతుంది. పొడుగాటి ఇంజను అక్కడ తిరగాలంటే ఒకే ముక్కలా ఉంటే కుదరదు. అందుకని లోపల దాన్ని మూడుగా చేసింది. ముందు చిన్న చక్రాల చట్రం ఒకటి, మధ్యలో పెద్ద చక్రాలది, వెనక బొగ్గుపెట్టెది ఒకటి. ఒక్కొక్కటి తన తిరుగుడు బిళ్ళ మీద తాను తిరుగుతుంది. పైనుంచి చూసేవాళ్ళకు ఒకే ఇంజను, కింద మాత్రం మూడు. ఆ తిరుగుడు బిళ్ళలు ఎంత వదులుగా ఉండాలో, ఎంత వదులైతే బండి తూలుతుందో తేల్చుకోవడానికే ఆమెకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలల పని బయటికి కనిపించదు కాబట్టి ఎవరూ మెచ్చుకోరు, అది వేరే సంగతి.

శనివారం మధ్యాహ్నం ట్రయల్. ఇంజను వెనక ఆరు పెట్టెలు తగిలించి వదిలింది. మొదటి చుట్టు, అయిదో చుట్టు, పదిహేనో చుట్టు. మాస్టారు కాగితం మీద గీతలు పెడుతున్నాడు. పక్క బల్ల మీద అన్నయ్య స్టేషన్. ఊరంతా మెచ్చుకునే స్టేషన్ అది. ప్లాట్‌ఫారం మీద వేలిగోరుకన్నా కాస్త పెద్ద మనుషులు సూట్‌కేసులు పట్టుకుని నిలబడి ఉంటారు. అన్నయ్య దాని మీదికి వంగి, పట్టకారుతో ఎవరికో గొడుగు అందిస్తున్నాడు. తలెత్తి ఒక్క చుట్టయినా చూస్తాడేమోనని ఆమె రెండుసార్లు అటు చూసింది. చూడలేదు.

ఇరవై మూడో చుట్టులో, మలుపు మీద, ఇంజను ముక్కు మీదున్న దీపం ఊడింది. అది ఒక్క బుడిపె ముక్క, పసుపుది, గుండ్రటిది. ఎగిరి వెళ్ళి సరిగ్గా అన్నయ్య ప్లాట్‌ఫారం మీద పడి, ఇద్దరు ప్రయాణికుల్నీ స్టేషన్ మాస్టర్నీ పడగొట్టి, బెంచీ కిందికి దొర్లింది.

లెక్కల మాస్టారు స్కేలు తీసి ముక్కను కొలిచాడు, పడిపోయిన స్టేషన్ మాస్టర్ తలనూ కొలిచాడు.

“ఎనిమిది మిల్లీమీటర్లు. వీళ్ళ లెక్కన తలకాయకి మూడింతలు. అసలు స్టేషన్లో పడి ఉంటే మనుషులు పోయేవాళ్ళమ్మా.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చెవులు వేడెక్కాయి.

“దీపం ఒక్కటే కదా మాస్టారూ. రేపు పొద్దున్న వచ్చి దాన్ని కొక్కెం ముక్కతో బిగిస్తాను, ఇక ఊడదు.”

“చూద్దాం. ఎనిమిదిన్నరకి రండి. తొమ్మిదింటికి మళ్ళీ పరీక్ష. అప్పుడు ఒక్క ముక్క రాలినా పిల్లల మూలకే” అని ఆయన కాగితం మడిచేశాడు.

అన్నయ్య పడిపోయిన ముగ్గుర్నీ నిలబెట్టి, పసుపు దీపాన్ని ఆమె చేతిలో పెట్టాడు. ఆ పూట ఆయన మొహంలో ఏదో ఇబ్బంది కనిపించింది. తనను చూసి సిగ్గుపడుతున్నాడని అనుకుంది. అలా అనుకోవడం ఆమెకు అలవాటే. ఆయన ఆమెకన్నా ఆరేళ్ళు పెద్ద, చిన్నప్పుడు తన పట్టాల మీదికి ఆమె నీడను కూడా పడనిచ్చేవాడు కాదు.

ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి బస్సులో ఉండగా వదిన ఫోను చేసింది.

“మీ అన్నయ్య పొద్దున్నే లేచి సీసాలూ కుంచెలూ సంచీలో వేసుకుని వెళ్ళారమ్మా. నీ బండికేదో సాయం చేస్తారట. మా పెళ్ళి రోజున కూడా అంత పెందలాడే లేవలేదు మహానుభావుడు!”

ఆమెకు నమ్మబుద్ధి కాలేదు. తన బండికి సాయమా? అన్నయ్యా? దారంతా కిటికీలోంచి చూస్తూ, తన మొహంలో నవ్వును ఎదుటి సీట్లో ఆవిడ గమనిస్తోందని కూడా పట్టించుకోలేదు. పట్టాలు తుడిచి ఉంటాడు. లేదంటే మోటారు సర్ది ఉంటాడు. ఏదైతేనేం, ముట్టుకున్నాడు కదా. ముప్ఫై అయిదేళ్ళకి ఆయన తన బండిని ముట్టుకున్నాడు.

హాలు తలుపు తీయగానే వాసన తగిలింది. లాబ్‌లో రోజూ పీల్చే వాసనకు అక్కచెల్లెలు లాంటిది. ప్లాస్టిక్‌ను కరిగించి అతికే నీళ్ళలాంటి జిగురు వాసన. ఆమె అడుగులు వాటంతటవే నెమ్మదించాయి.

అన్నయ్య కిటికీ పక్క బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. కళ్ళద్దాల మీద ఇంకో కళ్ళద్దం, అదే భూతద్దం, నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్నాడు. యాభై ఏళ్ళ మనిషి మొహం పరీక్షలో ఫస్టొచ్చిన పిల్లాడి మొహంలా ఉంది.

“రావే రా. ఇక నీ బండిలో ఒక్క ముక్క ఊడితే నా పేరు మార్చుకుంటా.”

“ఏం చేశావన్నయ్యా?”

“ఆరున్నరకే వచ్చాను. అతుకు అతుకుకీ కుంచె తాకించాను. ఎక్కడా మరక కనపడదు చూడు. ఊరికే అంచు మీద తాకిస్తే చాలు, దానంతటదే లోపలికి పాకుతుంది. అసలు పనిమంతుడి లక్షణమే అది.” ఆయన ఇంజనును రెండు చేతులా ఎత్తి ఆమె ముందు పెట్టాడు. “మోటారు జోలికి మాత్రం పోలేదులే. కరెంటుది కదా.”

ఆమె ఇంజనును తీసుకుంది. ముందు చట్రాన్ని వేలితో పక్కకి తిప్పబోయింది. కదల్లేదు. గట్టిగా తిప్పింది. కదల్లేదు. వెనక బొగ్గుపెట్టెనూ తిప్పి చూసింది. జిగురు దానంతటదే లోపలికి పాకింది, ఆయన చెప్పినట్టే. తిరుగుడు బిళ్ళల్లోకి కూడా పాకింది. మూడుగా తిరిగిన ఇంజను ఇప్పుడు నిజంగానే ఒక్కటైపోయింది.

నమ్మకం చాలక పట్టాల మీద పెట్టింది. తిన్నటి దారిలో దర్జాగా నడిచింది. మలుపు రాగానే ముందు చక్రాలు పట్టా దిగి, బల్ల మీద నాలుగు అంగుళాలు గీరుకుంటూ వెళ్ళి ఆగిపోయాయి. ఎత్తి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అంతే. మూడోసారి పెట్టలేదు.

“ఏమైంది? చక్రం ఏదైనా పట్టేసిందా?” అని అన్నయ్య వంగాడు.

“ముట్టుకోకు!”

అంత గట్టిగా తాను ఎప్పుడు అరిచిందో ఆమెకే గుర్తులేదు. పక్క బల్లల వాళ్ళు చూపు తిప్పుకున్నారు.

ఇంతలో లెక్కల మాస్టారు వచ్చాడు. ఇంజనును తీసుకుని తలకిందులు చేసి ఊపాడు. ఏమీ రాలలేదు. బల్ల అంచున తట్టాడు. ఏమీ రాలలేదు. ఆయన మొహం వికసించింది.

“ఆఁ! ఇదీ మోడలంటే. నేను మొదట్నుంచీ చెబుతున్నదిదే కదమ్మా.”

“ఇది తిరగదు మాస్టారూ. మలుపు తిరగదు” అంది ఆమె.

“తిరగకపోతే నష్టమేముంది? గుమ్మంలో అద్దాల పెట్టె ఖాళీగా ఉంది. అందులో పెడదాం. మెయిన్ హాలు, సరిగ్గా ఎదురుగుండా! పేరు రాసి కార్డు కూడా పెట్టిస్తాను.”

“మెయిన్ హాలు!” అన్నాడు అన్నయ్య, ఆమె వినలేదేమోనని. “మూడేళ్ళుగా నువ్వు అడిగేది అదే కదే. ఇంకేం కావాలి?”

ఆమెకు ఏడుపు, కోపం ఒకేసారి వచ్చాయి. అన్నయ్య చెడ్డవాడైతే ఎంత సుఖంగా ఉండేది! నాలుగు కడిగేసి వెళ్ళిపోయేది. ఈ మనిషి పొద్దున్నే లేచి, తిండి కూడా తినకుండా, రెండు గంటలు నడుం వంచి, జీవితంలో మొదటిసారి ఆమె బండి కోసం తన చేతిలో ఉన్న విద్యంతా పెట్టాడు. పెట్టి దాన్ని చంపేశాడు.

“మాస్టారూ, నేను వేరే ఇంజను కట్టి ఈ బల్ల మీద నడుపుకోవచ్చా?”

“అదెలా కుదురుతుందమ్మా? పరీక్ష పాసైన బండి తప్ప మెయిన్ హాల్లో ఇంకోటి నడపకూడదు. పరీక్ష తొమ్మిదింటికి, ఇప్పుడే పావుతక్కువ. నడుపుకోవాలంటే పిల్లల మూల ఉండనే ఉంది. మెయిన్ హాలు కావాలంటే ఈ ఇంజను, అద్దాల పెట్టె. మీ ఇష్టం.”

ఆమె ఇంజనును చూసింది. ముదురాకుపచ్చ గది కిటికీలోంచి వెలుతురు ఇటు నుంచి అటు పోతోంది. ఎంతో అందంగా ఉంది. అన్నయ్య చేతి పనితనం మరి, ఎక్కడా మరక లేదు.

“పెట్టుకోండి మాస్టారూ. కార్డు మీద మాత్రం నా పేరు రాయకండి. ప్రెసిడెంటు గారి పేరు రాయండి.”

“అదేంటే!” అన్నాడు అన్నయ్య.

“కట్టింది నేను. చంపింది నువ్వు. నాకు బతికున్న బండి కావాలి.”

“చంపడమేంటే? నిన్న అంతమందిలో నువ్వు తల దించుకోవాల్సి వచ్చిందని... నాకు నిద్ర పట్టలేదు తెలుసా? అతికిస్తే బాగుపడుతుంది గానీ...”

“విప్పు.”

“ఏంటి?”

“నువ్వు అతికించావు కదా. ఒక్క ముక్క విప్పి చూపించు.”

ఆయన భూతద్దం కళ్ళ మీదికి దించుకుని, సంచీలోంచి సన్నటి బ్లేడు తీసి, చిమ్నీ కింద అతుకులోకి దూర్చాడు. చాలా జాగ్రత్తగా, ఊపిరి బిగబట్టి, కాస్త పైకెత్తాడు. టప్పుమంది. చిమ్నీ ఆయన చేతిలోకి వచ్చింది. బుడిపెలు నాలుగూ తెగి బాయిలరు మీదే ఉండిపోయాయి. ఆయన ఆ తెగిన ముక్కను వెలుతురుకి ఎత్తి చూశాడు, దాని కింది భాగాన్ని బొటనవేలితో తడిమాడు. తెగిన చోటు గరుకుగా ఉంది.

“ఇక ఇది దేనికీ పట్టుకోదా?”

“పట్టుకోదు.”

“నువ్వు దీన్ని మళ్ళీ... విప్పేద్దామనే కట్టావా?”

“నాలుగుసార్లు చెప్పానన్నయ్యా. నాలుగుసార్లు! నువ్వు తలూపావు. నీలం బండి దీని కడుపులో ఉందంటే నవ్వావు. వచ్చే ఏడాది బండీ దీని కడుపులోనే ఉండేది. ఇప్పుడు అదీ పోయింది.”

ఆయన చిమ్నీని బల్ల మీద పెట్టాడు. ఈసారి తల మాత్రం ఊపలేదు.

ఆమె పనిలో పడింది. మోటారు పెట్టెను ఇంజను కిందనుంచి లాగింది, అది ఒక్కటీ సుఖంగా ఊడివచ్చింది. పట్టాలు టకటకా విప్పి సంచీలో వేసుకుంది. ఆరు పెట్టెల్నీ పిల్లల మూలకు మోసుకెళ్ళి, చివరి రెంటినీ అక్కడి పొట్టి బల్ల మీద పెట్టి, గోడలు ఊడదీయడం మొదలుపెట్టింది. గేటు పదింటికి. గంటలో ఏడు నెలల ఇంజను కట్టలేదు, నాలుగు చక్రాలూ ఒక ముక్కూ ఉన్న ఏదో ఒకటి కట్టవచ్చు.

కాసేపటికి మోకాలెత్తు కుర్చీ ఒకటి కిర్రుమంది. అన్నయ్య వచ్చి కూర్చున్నాడు. మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.

“నేనేం చేయను?”

వెళ్ళిపో అనాలని ఉంది. చేతులు మాత్రం రెండే ఉన్నాయి, టైము లేదు.

“రంగు చూడకు. సైజు చూసి ఏరు. రెండు బుడిపెలవి ఇటు, నాలుగువి అటు, చదునైనవి మూతలో.”

ప్రెసిడెంటు గారు ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. ఏరడంలో కూడా ఆయన పద్ధతే ఆయనది. ఒక్కొక్క ముక్కనూ పట్టకారుతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి, దుమ్ము ఊది, వరసలో పేర్చుతున్నాడు. ఆమె నాలుగు బుడిపెలది ఇమ్మని చెయ్యి చాస్తే అది అందేసరికి ఆమెకు రెండు ముక్కలు పెట్టే టైము గడిచిపోతోంది.

“పట్టకారు లోపల పెట్టు అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా. చేత్తో తియ్యి.”

“ఇది మూడు బుడిపెలది కదే, దీన్నెక్కడ...”

“పక్కన పడెయ్!”

“ఈ అంచు మీద చిన్న గీత ఉంది. కాస్త ఆకురాయితో...”

ఆమె చూసిన చూపుకి ఆకురాయి మాట మధ్యలోనే ఆగిపోయింది. ఆయన బుద్ధిగా చేత్తో తీసి ఇవ్వడం మొదలుపెట్టాడు. అయినా అయిదు నిమిషాలకోసారి తప్పుడు ముక్కే ఇచ్చాడు. ఆమె అయిదు నిమిషాలకోసారి పళ్ళు నూరింది. పళ్ళు నూరడం మంచిది కాదని లాబ్‌లో అందరికీ చెప్పేది ఆమే.

పదికి అయిదు నిమిషాలుందనగా మాస్టారు పరుగున వచ్చాడు.

“ప్రెసిడెంటు గారూ! రిబ్బను కట్ చెయ్యాలి, జనం గేటు దగ్గరున్నారు. మీరిక్కడ ఈ కుర్చీలో ఏంటండీ?”

“మీరు కానిచ్చెయ్యండి మాస్టారూ” అన్నాడు అన్నయ్య తలెత్తకుండా. “మేం పైకప్పు మీదున్నాం.”

ఆ ‘మేం’ వినగానే ఆమెకు మళ్ళీ మండుకొచ్చింది. ఎవరు మేం? పొద్దున్న అంతా ముంచేసి, ఇప్పుడు పైకప్పు మీద ఇద్దరూనా? నోటిదాకా వచ్చిన మాట మింగి, పైకప్పు ముక్క కోసం చెయ్యి చాచింది. ఈసారి ఆయన సరైనదే ఇచ్చాడు. అది ఇంకా చిరాకు తెప్పించింది.

పదీ పదికి ఇంజను తయారైంది. సగం క్రీము, సగం ఎరుపు, ఒక పక్క కిటికీ ఉంది, రెండో పక్క లేదు. ముక్కు చప్పిడి. బల్ల అంచున నిలబెడితే, గబగబా బట్టలేసుకుని బస్సెక్కిన మనిషిలా ఉంది. పట్టాల మీద పెట్టి మీట తిప్పింది. మిగిలిన నాలుగు పెట్టెల్నీ లాగుతూ గిర్రున మలుపు తిరిగింది. అన్నయ్య అక్కడే నిలబడి మొదటి చుట్టు చూశాడు, రెండోది చూశాడు. పదో చుట్టు దాకా నిలబడే ఉన్నాడు. నిన్న ఈ పని చేసి ఉంటే నీ సొమ్మేం పోయేదని ఆమె మనసులో అనుకుంది. పైకి అనడానికి ఓపిక లేకపోయింది.

రోజంతా జనం వస్తూనే ఉన్నారు. మాస్టారు చిమ్నీని మళ్ళీ అతికించి ఇంజనును పెట్టించిన గుమ్మంలో అద్దాల పెట్టె దగ్గర క్యూ కట్టి ఫొటోలు తీసుకున్నారు. “ఇటుకలతోనా! అతుకే కనపడట్లేదు!” అని వాళ్ళు మెచ్చుకోవడం ఆమెకు ఇక్కడిదాకా వినిపించింది. కార్డు మీద ప్రెసిడెంటు గారి పేరు చూసి అన్నయ్యతో చేయి కలపడానికి వెతుక్కుంటూ ఇద్దరు వచ్చారు కూడా. ఆయన చేయి ఇవ్వకుండా, ఆ ఇంజను తనది కాదని గొణిగి వాళ్ళను పంపేశాడు. తర్వాత ఒకసారి లేచి వెళ్ళి వచ్చాడు. కార్డును బోర్లా పెట్టి వచ్చాడని మాస్టారు కేకలు వేస్తేగానీ ఆమెకు తెలియలేదు. దానితో కోపమేమీ తగ్గలేదు.

పిల్లల మూలలో బండి మధ్యాహ్నం లోపు రెండుసార్లు పట్టా తప్పింది, ఒకసారి పైకప్పు ఊడింది. ఊడిన ప్రతిసారీ ఎవరో ఒకరు తీసి టిక్కుమని నొక్కారు, బండి మళ్ళీ బయల్దేరింది. ఎవరికీ ఏమీ కాలేదు, ఏ స్టేషన్లోనూ మనుషులు పోలేదు. ఒక తల్లి అన్నయ్యను అడిగింది, ఇది ఏ రకం ఇంజనని. దేశంలో ఏ ఇంజను ఏ ఏడాదిదో ఒక్క చక్రం చూసి చెప్పగల మనిషి నీళ్ళు నమిలాడు.

“రకమేం లేదండీ. ఇందాకే కట్టింది మా చెల్లెలు” అన్నాడు చివరికి.

అయిదింటికి గేటు మూశారు. హాల్లో ఒక్కొక్కరే తమ రైళ్ళను మెత్తటి స్పాంజి పెట్టెల్లో పడుకోబెడుతున్నారు. ఆమె డబ్బాల మూతలు తీసింది. పట్టాల మీదనుంచి చప్పిడి ముక్కు ఇంజనును ఎత్తి, పైకప్పు మీద గోరు ఆనించింది.

అన్నయ్య చెయ్యి వచ్చి ఇంజను మీద పడింది. నొక్కలేదు, ఊరికే కప్పినట్టు పెట్టాడు.

“ఉంచవే దీన్ని.”

“ఎక్కడ?”

“మా ఇంటికి తీసుకెళ్తాను. నా గదిలో పెట్టుకుంటాను. జిగురు పెట్టను, ఒట్టు. ఉన్నదున్నట్టు ఉంచుతా.”

ఆమె ఆయన మొహం చూసింది. వేళాకోళం లేదు. ఆ కురూపి ఇంజనును పోగొట్టుకోవడానికి ఆయనకు నిజంగానే మనసు రావడం లేదు. తాను కట్టినదేదైనా అన్నయ్య తన గదిలో పెట్టుకుంటానంటే, పోయినేడాది అయితే ఎగిరి గంతేసేది. పదేళ్ళప్పుడైతే రెండు రోజులు నిద్రపోయేది కాదు. ఇప్పుడు ఆ మాట విని గుండె ఒక్కసారి మెత్తబడింది, ఆ వెంటనే దాని వెనకాలే వేడిగా కోపం వచ్చింది. పొద్దున్న చేసిందే మళ్ళీ చేస్తున్నాడు. ఈసారి జిగురు లేకుండా.

“అన్నయ్యా, ఆకుపచ్చవి పోయాయి. నీలంవి పోయాయి. వచ్చే ఏడాదికి నా దగ్గర మిగిలినవి ఇవే. ఇది నీ గదిలో కూర్చుంటే నాకు బండి లేదు.”

ఆయన చెయ్యి తీయలేదు. హాలు అవతల మాస్టారు కుర్చీలు లెక్కపెడుతున్నాడు. ఆమె ఎదురుచూసింది. అరవకుండా ఎదురుచూడటం ఆ రోజంతటిలో అన్నిటికన్నా కష్టమైంది.

చివరికి ఆయన ఇంజనును తన ముందుకు జరుపుకున్నాడు. భూతద్దం కోసం నుదుటి మీద తడుముకుని, వద్దనుకుని చెయ్యి దించేశాడు.

“ఎక్కడ పట్టుకుని లాగాలి?” అని అడిగాడు.

ఆమె ఆయన బొటనవేలు పట్టుకుని పైకప్పు అంచు కింద పెట్టింది.